మేష్టారు చెప్పకుండా పోయిన మాట

ఇసేయిన్ ఊళ్ళో బజారు దిగువ వీధిలో ఓజెనియి అని ఒక దర్జీ ఉండేవాడు. ఏడాదంతా బడిపిల్లల నిక్కర్లూ, పెళ్ళిళ్ళకి వేసుకునే వెడల్పాటి అంగీలూ కుట్టేవాడు. ఊళ్ళో ఏ పెద్దమనిషైనా పోయి నలభై రోజులు దాటితే మాత్రం ఆయన కొట్టు ఒక్కపూట మూతపడేది.

ఆ పూట పోయినవాడు ఇంటికి వస్తాడు. ఊరి చివర పితృవనంలోంచి, తన బట్టలు తానే వేసుకుని, నిలువెల్లా ముసుగుతో నడిచి వస్తాడు. పెళ్ళాన్నీ పిల్లల్నీ పేరు పేరునా పిలిచి, దీవించి, చివరికి వీపు చూపించి వెళ్ళిపోతాడు. అలా వచ్చినవాణ్ణి ఎగుంగున్ అంటారు. వేషం అనకూడదు. 'ఎవరు వేశారు?' అని అసలే అడగకూడదు. దర్జీ కొట్టు ఎందుకు మూసుందో ఆ వీధిలో నాలుగేళ్ళ పిల్లకీ తెలుసు, తొంభై ఏళ్ళ అవ్వకీ తెలుసు. తెలిసినా తెలియనట్టు ఉండటమే ఆ ఊరి మర్యాద. మనమూ ఆ మర్యాద పాటించవలసిందే గాని, పాటిస్తే ఈ కథ లేదు.

ఆ విద్య ఆయనకి తండ్రి దగ్గర్నించి వచ్చింది. ఇంటి వెనక మొక్కజొన్న చేలో కూర్చోబెట్టి, ఖాళీ కుండలోకి మాట్లాడించేవాడట ఆ తండ్రి. పైలోకంనించి వచ్చినవాళ్ళ గొంతు మన గొంతులా ఉండదు. లోపల్నించి, బొంగురుగా, అడవికోతి దగ్గినట్టు వస్తుంది. ఏడేళ్ళు పట్టింది ఓజెనియికి ఆ గొంతు పట్టుబడటానికి. ఆ తర్వాత నలభై ఏళ్ళుగా ఆ ఊళ్ళో పోయిన మగవాళ్ళందరూ ఆయన గొంతుతోనే తిరిగి వచ్చి మాట్లాడారు.

ముసుగు లోపల వెలుగు వేరు. ముఖం దగ్గర అల్లిన నూలు వలలోంచి చూస్తే ఊరంతా నీళ్ళ అడుగున ఉన్నట్టుంటుంది. నీలిమందు అద్దిన గుడ్డల మధ్య తన ఊపిరి తనకే ఎవరిదోలా వినపడుతుంది. పది అడుగులు వేసేసరికి కాళ్ళు తేలికైపోతాయి. తన నోట వచ్చిన దీవెన తనకే కొత్తగా తోచిన రోజులున్నాయి. ఒకసారి చనిపోయిన వడ్రంగిగా వెళ్ళి, ఆ వడ్రంగి పెద్దకూతుర్ని ముద్దుపేరుతో పిలిచాడు. ఆ పేరు తనకెవరు చెప్పారో ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు. ఇంటికొచ్చి పెళ్ళాం చేసిన అలసంద వడలు రెండు తిని, నిద్రపోయి, లేచి, మళ్ళీ నిక్కర్లకి కాజాలు కుట్టుకున్నాడు.

మంచివాడే. ఒక్కటే జబ్బు. తెలియదు అనే మాట ఆయన నోటికి రాదు. పితృదేవతల వంశంలో పుట్టినవాడు తెలియదంటే పరువేం గాను? అందుకని ఎవరేం అడిగినా, జవాబు లేకపోతే, కళ్ళు సగం మూసి, "అది గుట్టు. చెప్పకూడదు," అనేవాడు. నిజంగా గుట్టయినవి కొన్ని ఉన్నాయి. మిగతావి ఆ కొన్నిటి చాటున దాక్కున్నాయి.

ఆయన భార్య మోరెనికే ఇదంతా కడిగేసినట్టు బయటికే అనేది. "ఉప్పు డబ్బా ఎక్కడ పెట్టావయ్యా అంటే, అది గుట్టు అంటాడమ్మా ఈయన! ఎక్కడ పెట్టాడో మర్చిపోయి చస్తాడు గాని, మర్చిపోయానని మాత్రం అనడు."

ఈ దర్జీ కొట్టుకి రోజూ సాయంత్రం నాలుగింటికి ఒక చుట్టం వచ్చేవాడు. అకంగ్బే మేష్టారు. బడిలో ముప్ఫై అయిదేళ్ళు పాఠాలు చెప్పి దిగిపోయినవాడు. ఆదివారం చర్చిలో ముందు బెంచీ, జూన్ నెలలో పితృదేవతల ఊరేగింపులో ముందు వరస, రెండూ ఆయనవే. అంగీ జేబులో ఒక నోటుపుస్తకం, పెదవి కింద ఎప్పుడూ నమలడానికి ఒక కోలా గింజ ముక్క. ఆ పుస్తకంలో మాటలు రాసుకునేవాడు. అన్ని మాటలూ కాదు. వెలుగు పేర్లూ, కంటికి కనపడనివాళ్ళ పేర్లూ.

ఆ పిచ్చికి కారణం ఆయన భార్య అవేరో. ఆరేళ్ళప్పుడు తట్టు పోసి ఆమె రెండు కళ్ళూ పోయాయి. వెలుగు అంటే ఆమెకి గుర్తున్నది ఒకే ఒక్కటి: వాన వెలిసిన ఒక పొద్దున, అమ్మ ఊడ్చి వదిలిన ఎర్రటి వాకిలి. పెళ్ళయిన కొత్తలో ఒక మునిమాపు వేళ మేష్టారు దీపం వెలిగిస్తుంటే, "ఏం చేస్తున్నారు?" అని అడిగింది. దీపం పెడుతున్నానని చెప్పడానికి ఆయనకి నోరు రాలేదు. బదులుగా దీపం అన్న మాట ఎక్కణ్ణించి వచ్చిందో చెప్పాడు. ఆమెకి అది బాగా నచ్చింది. మర్నాడు మునిమాపుకి ఇంకో మాట అడిగింది. అలా నలభై నాలుగేళ్ళు, రోజూ దీపాల వేళకి ఒక మాట. మాటలు అయిపోతే పాతవే మళ్ళీ చెప్పేవాడు. ఆమె పాతదని తెలిసినా కొత్తదానిలా వినేది.

కొత్తవి పోగుచేసుకోవడానికి దర్జీ కొట్టు మంచి చోటు. వచ్చేపోయే ముసలివాళ్ళు ఎక్కువ.

"ఫిటిలా ఉంది చూశావూ, దీపం, ఆ మాట మనది కాదోయ్," అన్నాడొకరోజు మేష్టారు బల్లమీద కూలబడి. "ఉత్తరాన్నించి హౌసా వర్తకులు తెచ్చారు. వాళ్ళకి అరబ్బులిచ్చారట. వత్తి అని అర్థం. ఎడారి దాటి వచ్చిందోయ్ ఆ ముక్క!"

"అంటే అంతకుముందు మనవాళ్ళు చీకట్లో తడుముకున్నారంటారా మేష్టారూ?" అన్నాడు ఓజెనియి మిషను ఆపకుండా.

"దీపాలకేం, ఉండేవి. పేరు మార్చుకున్నాం. చిన్నపెళ్ళాం వచ్చాక పెద్దపెళ్ళాం పేరు మర్చిపోయినట్టు."

"ఆ మాట మా ఇంటావిడ ముందు అనకండి. కత్తెర ఇక్కడే ఉంది."

ఇంకోరోజు ఊపిరి గురించి. "ఎమీ అంటాం. ఊపిరీ అదే, ప్రాణమూ అదే, మనిషి లోపలి మనిషీ అదే. ఊపిరి పీల్చడం అన్న మాటకే ముందో అక్షరం తగిలించారు, అంతే. మన ముత్తాతలు ఎంత పొదుపరులోయ్! ఒకే గుడ్డతో చొక్కా, టోపీ రెండూ కుట్టేశారు."

"బేరం బాగుంది," అన్నాడు దర్జీ.

దేవతల్ని ఒరిషా అని ఎందుకంటారో ఆ కథ కూడా ఆ బల్లమీదే నడిచింది. అందరికన్నా ముందున్న పెద్దదేవుడి మీదికి, ఆయన బానిసే కొండమీంచి బండ దొర్లించాడట. దేవుడు వందల ముక్కలయ్యాడు. ఆ ముక్కల్ని ఏరి ఒక్కో ఊళ్ళో పెట్టుకున్నారు. ఏరుకున్నది గనక ఆ పేరు వచ్చిందని కొందరంటారు. కాదు, తల పుట్టినచోటు అని ఇంకొందరంటారు. "ఇందులో ఏది నిజం మేష్టారూ?" అని అడిగితే, "నాకు తెలీదోయ్!" అని పకపకా నవ్వేవాడు మేష్టారు. ఓజెనియికి ఆ నవ్వు చూస్తే ఒళ్ళంతా ఇబ్బందిగా ఉండేది. అంత చదివినవాడు వీధిలో కూర్చుని తెలియదంటాడా? పోనీ నెమ్మదిగానైనా అనొచ్చు కదా.

పొడిగాలి మొదలైన నెలలో ఒక సాయంత్రం మేష్టారు మామూలుకంటే ముందే వచ్చాడు. ఊరంతా సన్నటి దుమ్ము. సూర్యుడు సున్నపు బిళ్ళలా పాలిపోయి ఉన్నాడు.

"ఓజె, ఇవాళ నువ్వే చెప్పాలి. ఇది నీ వంశం వాళ్ళకే తెలియాలి," అన్నాడు పుస్తకం తీసి. "వెలుగుని ఇమోలె అంటాం. నేలకీ, శుభ్రపడ్డానికీ పుట్టిన మాట అది. పొద్దున నేల శుభ్రపడింది అంటాం కదా, తెల్లవారితే. అంతవరకూ బానే ఉంది. మరి సృష్టి మొదట్లో దిగివచ్చిన దేవతల్ని ఇరున్మోలె అంటాం. రెండింట్లోనూ ఆ మోలె ఏమిటి? అవేరో అడిగింది నిన్న. ఆ రెండూ ఒక తల్లి పిల్లలేనా, లేక దారిలో కలిసి పోలిక పడ్డ పరాయివాళ్ళా?"

ఓజెనియి కాలు మిషను తొక్కుడు చెక్క మీద ఆగిపోయింది. ఆ దేవతల్ని చిన్నప్పట్నించీ రోజూ తలుచుకుంటున్నాడు. ఆ పేరు ఎందుకొచ్చిందో ఒక్కనాడూ అనుకోలేదు. కళ్ళు సగం మూశాడు.

"అది గుట్టు మేష్టారూ."

"నిజంగానా!" మేష్టారి ముఖం వెలిగిపోయింది. "నాకు తెలుసోయ్ ఇందులో ఏదో ఉందని!"

"పెద్దల్ని అడగాలి. ఒప్పుకుంటే రేపు చెప్తాను."

"రేపేనా? తప్పకుండా?"

"తప్పకుండా."

మేష్టారు పసివాడిలా సంబరపడుతూ ఇంటికెళ్ళాడు. ఆ మునిమాపు అవేరోకి మాట చెప్పలేదు. "ఇవాళ్టిది రేపు. చాలా పెద్దది, చూస్తుండు," అన్నాడట. తెల్లవారుజామున పెరట్లో ముఖం కడుక్కుంటూ, చెంబు చేతిలో ఉండగానే గోడకి చేరగిలబడి అలాగే పోయాడు.

ఓజెనియి మూడు రోజులు మిషను ముట్టలేదు. మోరెనికే అడిగితే నడుం నొప్పన్నాడు.

నలభై రోజులు దగ్గరపడ్డాక, మేష్టారి తమ్ముడు అలాము కొట్టుకి వచ్చి, ఎటో చూస్తూ, "అన్నయ్య బట్టలు కాస్త సరిచేయాలట, వదిన రమ్మంది," అన్నాడు. బట్టలు సరిచేయడమంటే ఏమిటో ఇద్దరికీ తెలుసు. ఓజెనియి టేపు మెడలో వేసుకుని వెళ్ళాడు.

అవేరో వసారాలో చాపమీద కూర్చుని ఉంది. ఒళ్ళో మేష్టారి అంగీలు. ఒక్కొక్కటే వేళ్ళతో తడిమి ఇచ్చింది. "ఇది చర్చిది. ఇది బడిది, సుద్దముక్క వాసన ఇంకా పోలా. ఇది నువ్వు కుట్టిందే, ఎడమ చంక బిగువు, ఎన్నిసార్లు తిట్టుకున్నాడో నిన్ను."

"చెప్తే వదులు చేసేవాణ్ణి కదక్కా."

"నీ మనసు కష్టపెట్టుకుంటావని చెప్పలా."

ఓజెనియి గొంతు సవరించుకున్నాడు. పని పని లాగే చేయాలి. "మేష్టారు మిమ్మల్ని ఏమని పిలిచేవారక్కా?"

"దర్జీకి అదెందుకయ్యా?"

"అంటే... జేబు ఎటు పెట్టాలో..."

"పిలుపుకీ జేబుకీ ఏమిటి చుట్టరికం?"

"అది గుట్టక్కా."

ఆమె నవ్వింది. ఇన్ని రోజుల్లో ఆ ఇంట్లో అదే మొదటి నవ్వని లోపల్నించి కోడలు తొంగి చూసింది. "అవే అనేవాడు. అంతే, సగం పేరు. తక్కిన సగం కోపం వచ్చినప్పటికి దాచుకునేవాడు," అంది. తర్వాత ఇంకో అంగీ చేతిలోకి తీసుకుంది.

"ఊళ్ళోవాళ్ళు నన్ను రాయి అంటున్నారు, విన్నావా? ఒక్క చుక్క రాలా నాకు. ఎలా వస్తుందయ్యా? ఏడవాలంటే ఆయన పోయాడని తెలియాలిగా. మీరంతా శవాన్ని చూశారు. నేనెప్పుడూ ఆయన్ని చూళ్ళేదు, విన్నాను. ఇప్పుడు వినపడటం లేదు. పక్క గదిలో ఉన్నాడో, బజారుకెళ్ళాడో, ఎక్కడా లేడో నాకేం తెలుసు? ఎల్లుండి వస్తాడుగా, అప్పుడు అడుగుతా. ఒకటే అడుగుతా. ఆ మాట. ఇరున్మోలె మాట. రేపు చెప్తానన్నాడు. అక్కడికెళ్ళినవాళ్ళకి అన్నీ తెలుస్తాయంటారు గదా. చెప్పాడా, మా ఆయన ఎక్కడో ఒకచోట ఉన్నట్టు. చెప్పలేదా..." చేతిలో అంగీని మడిచింది. "చెప్పకపోతే ఇంక ఎక్కడా లేనట్టే. నేనూ అనవసరంగా చెవులు రిక్కించుకుని కూర్చోను."

ఓజెనియి బట్టలు చంకన పెట్టుకుని బయటపడ్డాడు. కాళ్ళు ఇంటివైపు పోలేదు. సరాసరి పితృవనం పెద్ద అలగ్బా దగ్గరికి పోయాయి. ఎనభై ఏళ్ళవాడు, పెండలపు పిండి ముద్ద తింటున్నాడు.

"పెద్దయ్యా, ఒక సంగతి. ఇరున్మోలె అన్న మాట ఎక్కణ్ణించి వచ్చింది?"

అలగ్బా ముద్ద నోట్లో పెట్టుకోకుండా ఆగాడు. తర్వాత కళ్ళు సగం మూశాడు. "ఒరేయ్ అబ్బాయ్, అది గుట్టురా."

ఆ సగం మూసిన కళ్ళని ఓజెనియి గుర్తుపట్టాడు. రోజూ తన ముఖం మీద ఉండేవే. ఆ ముసలాయనకీ తెలియదు. ఆయనకి నేర్పినవాడికీ తెలిసి ఉండదు. అరవై ఏళ్ళ వయసులో, తిరిగొస్తూ నడిబజార్లో ఓజెనియి ఆగిపోయాడు. ఎన్ని తరాల్నించి ఒకరికొకరు భద్రంగా అందించుకుంటూ వచ్చిన మూటలో ఏముందో ఎవరూ విప్పి చూడలేదన్నమాట.

మర్నాడు గవ్వలూ గింజలూ వేసి ఇఫా జోస్యం చూసేవాడి దగ్గరికెళ్ళాడు. ఆయన గింజలు చల్లి, పెద్ద పద్యం చదివి, ఠకీమని చెప్పాడు: దేవతలు నాలుగు వందలమంది దిగినప్పుడు చీకటి నేల తేటబడింది, అందుకే వాళ్ళకి వెలుగు పేరు. వినడానికి ఎంతో బాగుంది. తిరిగొస్తూ పక్కవీధిలో ఇంకో ఇఫా ఆయన కనిపిస్తే ఉండబట్టలేక ఆయన్నీ అడిగాడు. ఆయనా ఠకీమనే చెప్పాడు: వెలుగూ లేదు గిలుగూ లేదు, వాళ్ళు నేలలోకి దిగిపోయిన వాళ్ళు, నేల లోపలి మర్మం తెలిసినవాళ్ళు, అందుకని ఆ పేరు. అదీ బాగుంది. ఇద్దరూ ప్రమాణం చేసినంత గట్టిగా చెప్పారు.

రాత్రి తిండి ముందు కూర్చుని ఓజెనియి మొదటిదే ఖాయం చేసుకున్నాడు. కళ్ళులేని మనిషి, వెలుగు పేరు చెబితే సంతోషిస్తుంది. నలభై ఏళ్ళలో చెప్పిన దీవెనలన్నీ నిజమయ్యాయా ఏమిటి? ఇదీ ఒక దీవెనే అనుకున్నాడు.

"తింటున్నావా, కొలతలు తీస్తున్నావా?" అంది మోరెనికే. "ఆ ముద్ద అరగంటనించి చేతిలోనే ఉంది."

"మోరె, ఎవరైనా నిన్నొకటి అడిగితే, నీకు తెలీకపోతే ఏం చేస్తావు?"

"తెలీదంటా. ఏం, అంటే నాలుక ఊడి పడుతుందా?"

ఆయన లేచి చేయి కడుక్కున్నాడు.

నలభై ఒకటో రోజు పొద్దున పొడిగాలి మంచులా కమ్మి ఉంది. ఎదురిల్లు ఎదురుగా ఉండీ లేనట్టుంది. డప్పులు ముందు నడిచాయి. బెత్తాలు పట్టిన కుర్రవాళ్ళు ముసుగు గుడ్డ ఎవరికీ తగలకుండా దారి చేశారు. వెనక అలగ్బా, చేతిలో కర్రతో. మధ్యలో అకంగ్బే మేష్టారు వస్తున్నాడు. కుడికాలు ముందు మోపి, ఒక్క లిప్త ఏదో గుర్తు తెచ్చుకుంటున్నట్టు ఆగి, తర్వాత ఎడమకాలు. ఆ నడక చూడగానే వీధిలో ఆడవాళ్ళు నోటికి కొంగులు అడ్డం పెట్టుకున్నారు.

లోపల, నీలి వెలుగులో, సుద్దముక్క వాసన. ఎడమ చంక బిగువుగా ఉంది. ఓజెనియి దాన్ని వదులు చేయలేదు, ఎందుకో చేయబుద్ధి కాలేదు. వలలోంచి చూస్తే మనుషులు పొగలో తేలుతున్నట్టున్నారు. ఎవరి కాళ్ళు నడుస్తున్నాయో తెలియని స్థితి ఇంటి గుమ్మం రాకముందే వచ్చేసింది.

వసారా ముందు ఆగాడు. బొంగురు గొంతుతో తమ్ముణ్ణి పిలిచాడు, దీవించాడు. కొడుకుని పిలిచాడు. కోడల్ని పిలిచి, కడుపు చల్లగా ఉండాలన్నాడు. మనవల్ని వరసగా పిలుస్తుంటే చిన్నది భయపడి నాన్న వెనక దాక్కుంది, అందరూ నవ్వారు. ఇక మిగిలింది ఒక్కరు.

"అవే," అన్నాడు.

అవేరో మోకాళ్ళమీద ముందుకు జరిగింది. తల ఎత్తింది. చూపులేని ముఖం సరిగ్గా గొంతు వచ్చిన వైపే తిరిగింది.

"వచ్చారా," అంది.

"వచ్చాను."

"రేపు చెప్తానని వెళ్ళారు. నలభై రేపులయ్యాయి. ఆ రెండు మాటలూ ఒక తల్లి పిల్లలేనా? చెప్పండి."

డప్పులు ఆగిపోయాయి. వీధంతా ఆ ముసుగునే చూస్తోంది. ఓజెనియి నాలుక మీద జవాబు సిద్ధంగా ఉంది: నాలుగు వందలమంది దిగినప్పుడు నేల తేటబడింది. రాత్రి పదిసార్లు వల్లె వేసుకున్నాడు. నోరు తెరిచాడు. ఆమె ఊపిరి బిగబట్టి, మెడ కాస్త పక్కకి వంచి, చెవి ఒక్కటే మనిషంతా అయి వింటోంది. ఆ చెవిలోకి అబద్ధం ఎలా పోయడం? ముసుగులో ఊపిరాడలేదు. ఆ తర్వాత బొంగురు గొంతు పలికింది. అది తనే పలికాడో, ఆ బిగువు అంగీలోంచి వచ్చిందో ఆయన చచ్చేదాకా తేల్చుకోలేకపోయాడు.

"నాకు తెలీదు."

అలగ్బా కర్ర చేతిలోంచి జారి కింద పడింది. ఆ ఊరు పుట్టాక పైనుంచి దిగినవాడెవడూ ఆ మాట అనలేదు. బెత్తాల కుర్రవాళ్ళు ఒకళ్ళ ముఖాలు ఒకళ్ళు చూసుకున్నారు. అలాము, "అన్నయ్యా!" అన్నాడు, అప్రయత్నంగా.

"ఇక్కడా అడిగి చూశాను," అంది గొంతు, ఇంకా నెమ్మదిగా. "ఒకాయన అవునన్నాడు. ఒకాయన కాదన్నాడు. నాకు తెలీదు అవే."

ముసుగులో ఓజెనియి కళ్ళు మూసుకున్నాడు. అయిపోయింది. వంశం పరువు వీధిన పడింది, అది పోతే పోయింది. ఈ మనిషికి ఇంక మొగుడు ఎక్కడా లేడు. ఆ పాపం మాత్రం తనదే.

అప్పుడొక చప్పుడు వినపడింది. మొదట ఎక్కిళ్ళనుకున్నాడు. అవేరో రెండు చేతులూ నేలకి ఆనించి, వంగిపోయి, వెక్కి వెక్కి ఏడుస్తోంది. నలభై రోజుల ఏడుపూ ఒక్కసారే వస్తోంది. కోడలు పరుగున వచ్చి పట్టుకోబోతే చేయి విదిలించి తోసేసింది.

"ఆయనే! మా ఆయనే వచ్చాడే! ఈ ఊళ్ళో తెలీదని అనే మగాడు ఇంకెవడున్నాడే! ఒక్కణ్ణి చూపించండి!"

ఎవరో ముసలమ్మ ఫక్కున నవ్వింది. నవ్వుతూనే కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. వీధి ఆడవాళ్ళందరూ అలాగే, ఏది ఏడుపో ఏది నవ్వో తెలియకుండా ఊగిపోయారు. మగవాళ్ళు తలలు దించుకున్నారు. అలగ్బా వంగి కర్ర తీసుకున్నాడు గాని, దాన్ని నేలకి కొట్టి డప్పులవాళ్ళకి సైగ చేయాలన్నది మర్చిపోయి అలాగే నిలబడ్డాడు.

ముసుగులో ఓజెనియి ముఖమంతా తడిసిపోయింది. తుడుచుకోవడానికి లేదు. పైనుంచి వచ్చినవాడి చేయి బయట కనపడకూడదు. నలభై ఏళ్ళుగా ఎన్ని ఇళ్ళకి వెళ్ళాడు, ఎన్ని దీవెనలిచ్చాడు! ఎవరూ ఇంతగా నమ్మలేదు. ఆయన ఏడుస్తూ నిలబడ్డాడు, సిగ్గు లేకుండా, హాయిగా.

ఇక వీపు చూపించి వెళ్ళాలి. కాలు కదపబోతుంటే అవేరో తల ఎత్తి, ముక్కు చీదుకుని, మేష్టారి మీద రోజూ పెట్టే కేకే పెట్టింది.

"ఉండండి, చెప్పేది వినకుండా వెళ్తారేం? మీరు అక్కడ వెతకండి. నేనిక్కడ వెతుకుతా. ఎవరికి ముందు దొరికితే వాళ్ళు రెండోవాళ్ళకి చెప్పాలి. తెలిసిందా?"

"తెలిసింది," అన్నాడు మేష్టారు.